మూరెడు నీళ్లు

నాకు కోపమెక్కువని మా అక్క ఊరంతా చాటుతుంది. అబద్ధమేం కాదు. కానీ ఆ రోజు ఓడ మీద నాకు ముందొచ్చింది కోపం కాదు, అనుమానం.

నా పని చిన్నది. రేవుకి ముడిచమురు ఓడ వస్తే ఎక్కి, ట్యాంకు మూత తీసి, ఇత్తడి గుండు కట్టిన టేపు అడుగుదాకా దించి, చమురెంతో దాని కింద నీళ్లెంతో కొలిచి సంతకం పెట్టాలి. మా వాళ్లు డబ్బు కట్టేది చమురుకే, నీళ్లకి కాదు. టేపు కొసకి పసుపు రంగు పేస్టు పూస్తాం. నీళ్లు తగిలినంత మేరా అది ఎర్రబడుతుంది. పేస్టుకి మొహమాటం తెలీదు.

పొరుగు దేశం చమురు ఎగుమతులకి కోత పెట్టి నలభై రోజులైంది. మా ఊరి రిఫైనరీ ఇన్నాళ్లూ ఆ చమురు మీదే బతికింది. ఇప్పుడు మాలాంటి వాళ్లందరూ దాని పక్క దేశం మీద పడ్డారు. నిన్నటిదాకా బతిమాలి అమ్ముకున్నవాడు ఇవాళ ధర రెట్టింపు చేసి, ఇష్టమైతే కొను లేకపోతే పో అంటున్నాడు. ఈ ఓడ అక్కడిదే. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అని మా అమ్మ ఊరికే అనేది కాదు.

టేపు పైకి లాగితే కొస పసుపుగానే ఉంది. నీటి జాడ లేదు. కెప్టెన్ తెగ సంతోషపడి తన గదిలోకి పిలిచి టీ ఇప్పించాడు. కప్పు బల్ల మీద పెట్టి చూస్తే, టీ ఒక పక్క అంచుదాకా ఉంది, రెండో పక్క దిగి ఉంది. ఓడ ఎడమకి ఒరిగింది. నేను టేపు దించిన మూత కుడివైపుది. నీరు పల్లమెరుగు. ఆ మాత్రం నాకు తెలీదనుకున్నాడు మహానుభావుడు.

"ఓడని సమంగా నిలబెట్టండి, మళ్లీ కొలుస్తాను" అన్నాను.

"ఏం మేడమ్, టీ బాగాలేదా?" అన్నాడు భుజాలు తడుముకుంటూ.

"బాగానే ఉంది. కాస్త వంకరగా ఉంది."

రెండు గంటలు సాగదీసి, పంపులు తిప్పించి ఓడని సమం చేశాడు. ఈసారి టేపు మూరెడు మేర ఎర్రగా వచ్చింది.

అంతలోకే మా కొనుగోలు మేనేజర్ ఫోన్. కెప్టెన్ ముందే ఊదినట్టున్నాడు. "మొదటి కొలతే రాసెయ్యమ్మా. మనం కాదంటే ఈ ఓడని ఎత్తుకుపోడానికి ముగ్గురు కాచుకుని ఉన్నారు. వారంలో ప్లాంటు మూతపడుతుంది. మీ బావ కూడా ఫర్నేస్ దగ్గరే కదా, ఆలోచించుకో."

బావ పేరెత్తేసరికి ఒళ్లు మండింది. మామూలు రోజుల్లో నీళ్లు అడుక్కి దిగేదాకా చమురుని ట్యాంకులో ఉంచుతారు. ఇప్పుడు ట్యాంకులు ఖాళీ, వచ్చింది వచ్చినట్టు ఫర్నేస్‌కే పోతుంది. కాగే నూనెలో నీళ్లు పడితే ఏమవుతుందో వంటింట్లో నిలబడ్డ ఎవరినైనా అడగండి. ఇక్కడ బాణలి కాదు, నాలుగంతస్తుల టవర్. దాని కింద నిలబడేది మా బావ.

"ఆలోచించాను సార్" అని పెట్టేశాను.

ఐదు నిమిషాలకి అక్క ఫోన్. ఆయన అక్కడికీ చేశాడన్నమాట. "సంతకం పెట్టవే. పట్టుదల నీది, పస్తులు మావి. ప్లాంటు మూస్తే మీ బావ ఇంట్లో కూర్చోవాలి."

"కూర్చోనీ అక్కా. ఇంట్లో ఉంటాడుగా."

తను ఫోన్ పెట్టేసింది. నేను రెండో కొలతే రాసి, కింద సంతకం గట్టిగా నొక్కి పెట్టాను.

"పక్క రేవుకి పోతాను" అన్నాడు కెప్టెన్.

"పోండి. అక్కడ టేపు దించేవాడికి పని నేర్పింది నేనే. ముందు ఒక కప్పు టీ అడగమని చెప్తాను."

ఓడ వెళ్లిపోయింది. ఎనిమిదో రోజు ప్లాంటు మూతపడింది. మేనేజర్ నాకు మెమో ఇచ్చాడు, అక్క మాటలు మానేసింది. ఆదివారం పొద్దున బియ్యం బస్తా ఆటోలో వేసుకుని వాళ్లింటికెళ్లి తలుపు కొట్టాను. లోపల్నుంచి అక్క, "ఎవరూ రావద్దని చెప్పండి" అంది.

తలుపు తీసింది మా బావే.