రెండో టీకా

నేను బాలింతనై ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు నుంచీ మా అత్తయ్య నాతో కలిసి తినడం మానేసింది. అల్లం, బియ్యపు సారా వేసి వండిన కోడికూర నా ముందు పెట్టి, తాను నీలం అంచు గిన్నె పట్టుకుని పొయ్యి దగ్గరికి పోయేది. తిన్నాక ఆ గిన్నె విడిగా కడిగి పైఅరలో పెట్టేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఈవిడకి నా సంగతి తెలిసిపోయింది, అసహ్యించుకుంటోంది అనుకున్నాను.

నా రక్తంలో హెపటైటిస్-బి ఉంది. ఆ మాట పొక్కితే చైనాలో, మా జియాంగ్‌షీ వైపు, కుదిరిన సంబంధాలే తప్పిపోతాయి. మా ఆయన వెన్‌బిన్‌కి పెళ్లికి ముందే చెప్పాను. వాళ్లమ్మకి చెప్పొద్దన్నది ఆయనే. ఆ ముక్క అనేసి ఓడరేవు ఉద్యోగానికి చక్కాపోయాడు, మహానుభావుడు. మా బాబు తౌతౌకి పుట్టగానే ఒక టీకా వేశారు. నెల నిండగానే రెండోది పడాలని, ఆలస్యమైతే నా జబ్బు వాడికి రావచ్చని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది.

“రేపు తౌతౌని టీకాకి తీసుకెళ్లాలి అత్తయ్యా,” అన్నాను.

“ఈ చలిగాలిలోనా? ఇంకో నెల దాకా బాలింత గడప దాటకూడదు. వాడూ అంతే.”

“ఈ వారం పడాల్సిందే.”

“పుట్టగానే ఒకటి పొడిచారుగా. ఎన్ని పొడుస్తారేం? అయినా నీకెందుకే ఇంత తొందర? ఏదో దాస్తున్నావ్ నువ్వు.”

అన్నీ తెలిసి నా నోటితోనే చెప్పించాలని చూస్తోంది. భయమేసింది. ఒళ్లో వాడు పెదాలు చప్పరిస్తూ నిద్రపోతున్నాడు.

“నాకు హెపటైటిస్-బి ఉంది. వాడికి రాకూడదంటే ఆ టీకా పడాలి. నన్ను పుట్టింటికి పంపుతారో ఏం చేస్తారో మీ ఇష్టం. ఇప్పటికే నాతో తినడం మానేశారుగా.”

అత్తయ్య పైఅరలోని నీలం అంచు గిన్నె వైపు చూసింది.

“పిచ్చిదానా, ఆ గిన్నె నీ గురించి కాదే,” అంది. “ఆ జబ్బు నాకుంది. పసివాడికి అంటుతుందని దూరంగా తింటున్నా. మా పెద్దాడు నా గిన్నెలో తినీ తినీ, కాలేయం పాడై చనిపోయాడు.”

“గిన్నెలో తింటే రాదత్తయ్యా. పుట్టేటప్పుడు తల్లి నుంచి వస్తుంది.”

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ గోడకి ఆనుకుంది.

“వాడు పుట్టినప్పుడు ఈ టీకా ఉండేదా?”

“లేదు,” అన్నాను. ఉందో లేదో నాకు తెలియదు.

ఆవిడ నా ఒళ్లోంచి తౌతౌని తీసుకుని, దుప్పటి చుట్టి, చెవుల మీదికి టోపీ లాగింది. రేపటిదాకా ఆగలేదు. ఆ గాలిలోనే తలుపు తీసింది.