పథ్యపు జాడీ

అశ్వారావుపేట చుట్టుపక్కల వెంకటనారాయణకు రెండు విషయాల్లో పేరుంది. ఒకటి ఆయన పామాయిల్ తోట, రెండోది భార్యకు ఆయన పెట్టే పథ్యం. తోట సంగతి మిల్లు వాళ్లు చెప్పాలి. పథ్యం సంగతి మాత్రం ఎవరూ అడక్కపోయినా ఆయనే చెబుతాడు.

నిర్మలాదేవికి పెద్దపేగులో వాపు, పుండ్లు. ఒకప్పుడు రోజంతా విరేచనాలు, అందులో రక్తం. మనిషి సగమైపోయింది. అప్పటిదాకా పొయ్యి మొహం చూడని వెంకటనారాయణ తల్లి దగ్గర కూర్చుని పథ్యం నేర్చుకున్నాడు: ఉప్పు గంజి, మెత్తటి అన్నం, అందులోకి పాత చింతకాయ పచ్చడి. ఎంత పాతదైతే అంత పథ్యమని పెద్దల మాట. ఒంట్లో నీరూ ఉప్పూ పోతున్న ఆ రోజుల్లో గంజి మేలే చేసింది. డాక్టరు మందులు అంతకంటే మేలు చేశాయి. జబ్బు నెమ్మదించింది గానీ పథ్యం ఆగలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లను చూశాం గానీ, దాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగేవాడు ఈయనొక్కడే.

ఈ వేసవిలో ఖమ్మంలో చెకప్‌కు పోతే పేగు బాగుందన్నారు. బీపీ మాత్రం బాగా ఎక్కువుంది. వెంకటనారాయణ నమ్మలేదు. బీపీ వస్తే తనలాంటి బొజ్జ ఉన్నవాడికి రావాలి గానీ, ఇంత బక్కపలుచని మనిషికి ఎందుకొస్తుంది? మిషన్ చెడిపోయిందేమోనని తన చెయ్యి పెట్టి చూపించుకున్నాడు. ఆయన బీపీ సరిగ్గానే ఉంది. దాంతో ఇంకా చిన్నబోయాడు.

డాక్టర్ ఉదయ్ భాస్కర్ ఓపికగా చెప్పాడు. పేగులో వాపు ఏళ్ల తరబడి ఉంటే దాని దెబ్బ పేగుతో ఆగదు, రక్తనాళాలకూ తగులుతుంది. మనిషి సన్నగా ఉన్నా అవి బిరుసెక్కుతాయి. తోటలో ఎండకు బిరుసెక్కిన డ్రిప్పు పైపులో నీళ్ల ఒత్తిడి పెరిగితే ఏమవుతుందో వెంకటనారాయణకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇలాగే వదిలేస్తే పక్షవాతం రావచ్చని కూడా డాక్టరు అన్నాడు. పచ్చళ్లు తింటారా అని అడిగాడు. నిర్మలాదేవి నోరు తెరిచేలోపే, ఎప్పటిలాగే వెంకటనారాయణ జవాబిచ్చాడు.

"పచ్చళ్లు మా ఇంట్ల బంద్ పెట్టి ఏండ్లయింది సార్."

అబద్ధం కాదు. ఆవకాయను ఆయన గడప తొక్కనివ్వడు. పథ్యంలో పెట్టేది ఆయన లెక్కలో పచ్చడి కాదు, మందు.

మాత్రలు మొదలుపెట్టినా బీపీ దిగలేదు. డోసు పెంచినా అంతే. ఒక పొద్దున నిర్మలాదేవి చేతిలోంచి గ్లాసు జారింది. కుడిచెయ్యి మొద్దుబారింది, మాట ముద్దగా వచ్చింది. కారు సత్తుపల్లి దాటేసరికి సర్దుకుంది గానీ, ఖమ్మం చేరేదాకా వెంకటనారాయణ ఆ చెయ్యి వదల్లేదు. ఈమె లేకపోతే నాకు తోటెందుకు అనుకున్నాడు.

ఈసారి డాక్టరు ఆయన్ని ఆగమని సైగ చేసి, ఏం తిన్నారని ఆమెనే అడిగాడు.

"రోజూ తినేదే సార్. ఉప్పు గంజి, చింతకాయ పచ్చడి, అన్నం."

"పచ్చళ్లు లేవన్నారు కదా?"

"అది పచ్చడి కాదు సార్, పథ్యం," అన్నాడు వెంకటనారాయణ. అన్నాక గానీ ఆ మాట ఆయన చెవికి ఎక్కలేదు. పచ్చడి పెట్టేటప్పుడు జాడీలో తాను దోసిళ్లతో పోసిన రాళ్ల ఉప్పు గుర్తొచ్చింది.

తప్పంతా ఉప్పుదే కాదని, జబ్బూ, అప్పట్లో వాడిన స్టెరాయిడ్లూ తమ వంతు చేశాయని డాక్టరు సర్దిచెప్పాడు. వెంకటనారాయణకు అవేవీ తలకెక్కలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక జాడీ తీసుకెళ్లి పెరట్లో గొయ్యి తీసి బోర్లించాడు. అన్నంలో ఉప్పు తక్కువ పప్పు కలిపి ఆమెకు పెట్టి, తానూ అదే తిన్నాడు. ముద్ద దిగలేదు.

"ఇట్ల చప్పగ ఎట్ల తింటవే?"

"నాకు మంచిగనే ఉంది. ఆ చింతకాయ పచ్చడే నాకు మొదటి నుంచీ పడదు."

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివేంది?"

"పొయ్యి కాడ నిలబడి చేస్తుంటిరి. ఎట్ల చెప్పాలె?"

వెంకటనారాయణ తన పళ్లెం పక్కకు జరిపాడు. తర్వాత, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి, నీకేం ఇష్టమని ఆమెను అడిగాడు. జవాబు చెప్పడానికి నిర్మలాదేవికి కాస్త ఆలస్యమైంది. ఈసారి ఆయన తొందరపడి ఆమె బదులు చెప్పెయ్యలేదు.