నాలో ఉమ్మినవాళ్ళు

నేను ఒక నీటికళ్ళజోడుని. కళ్ళనూ ముక్కునూ కలిపి కప్పే రబ్బరు అంచు, ముందు దళసరి గాజు, వెనక సాగే పట్టీ. ఏ ఫ్యాక్టరీలో పోతపోశారో గాని, పనిలో చేరిన రోజు నుంచీ ఉమ్మించుకోవడమే నా బతుకైంది. ఫ్లోరిడాలో ఒక వెచ్చటి ఏటిలో మానటీలనే నీటి ఆవులను చూపించే పడవ ఉంది. అందులో అద్దె సరుకుని నేను. గాజు మసకబారకుండా ఉండాలంటే లోపల ఉమ్మి పులమాలట. దొర ఉమ్మాడు, దొరసాని ఉమ్మింది, వాళ్ళ బుడతడూ ఉమ్మాడు. ఒక్కరూ సిగ్గుపడలేదు.

ఒక చలికాలపు ఉదయం రాఘోత్తంగారి కుటుంబం పడవెక్కింది. కూతురు చారుమతికి పదకొండేళ్ళు. నీటి ఆవు కన్ను ఎలా ఉంటుందో నీళ్ళలో దిగి తనే చూడాలని, పుట్టినరోజుకి గౌనొద్దు, కేకొద్దు, ఇదే కావాలని పట్టుబట్టి వచ్చింది. పడవ నడిపే ట్రేసీ ముందే చెప్పింది: ముట్టుకోకూడదు, వెంటపడకూడదు, ఒక్కరు తప్పు చేసినా అందరూ పైకి రావాలి.

చారుమతి నన్ను నోటి దగ్గరికి తీసుకోగానే తల్లి హైమవతి లాక్కుంది.

"ఛీ, ఎంగిలి చేసి మొహానికి పెట్టుకుంటావా? ఇప్పటికే ఎంతమంది ఎంగిలో ఇది."

నన్ను కడిగి, చున్నీతో పొడిగా తుడిచింది. నన్ను మర్యాదగా పట్టుకున్న మొదటి చెయ్యి అది. పొంగిపోయాను. ఆ మర్యాదే పిల్ల కొంప ముంచింది. నీళ్ళలో దిగీ దిగగానే నా గాజంతా ఆవిరి పట్టేసింది. పిల్ల పడవ నిచ్చెన పట్టుకుని తల పైకెత్తింది.

"నాన్నా, ఏం కనపడట్లేదు."

పైనుంచే ఫొటోలు తీస్తానని కూర్చున్న రాఘోత్తం లేచాడు. "ఇటివ్వు తల్లీ. నేనెళ్ళి వీడియో తీసుకొస్తా. ఇంటికెళ్ళాక టీవీలో పెద్దగా చూద్దువుగాని."

పిల్ల ఇచ్చేసింది. ఆయన నాలో నిండుగా ఉమ్మాడు. తన తలకి పట్టేలా నా పట్టీని తెగేంతగా సాగదీసి, ప్లాస్టిక్ సంచిలో ఫోను పట్టుకుని దూకాడు. అడుగున ఒక తల్లి మానటీ, పక్కన దూడ. ఆయన వాటి వెంటపడ్డాడు. వీడియోలో బాగా పడాలని దూడ వీపు మీద చెయ్యేశాడు. ట్రేసీ ఈల ఊదింది. అందరూ పైకొచ్చేశారు. చారుమతి మాత్రం ఒక కాలు నిచ్చెన మీద, ఒక కాలు నీళ్ళలో పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు ఆయన ఫోను చాపాడు. "చూడు, ఎంత దగ్గరగా తీశానో."

పిల్ల దానివంక చూడలేదు. "కన్ను ఎలా ఉంది నాన్నా?"

"ఇందులో ఉంటుంది, చూడు."

"నువ్వు చూశావుగా. ఎలా ఉంది?"

హైమవతి కూడా ఆయన వంకే చూస్తోంది. "నేను ఫోనే చూసుకుంటూ ఉండిపోయానమ్మా," అన్నాడు చివరికి.

పిల్ల మళ్ళీ అడగలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారేమో. చూసింది నేను గనక. గోళీకాయంత కన్ను, చుట్టూ ముడతలు. నా గాజుకి జానెడు దూరంలో ఆగి, మెల్లగా మూసుకుని తెరుచుకుంది. అది ఆ పిల్లకి దక్కాల్సిన చూపు.

ఆ రోజే నా పట్టీ తెగింది. ఇప్పుడు పడవ మూల పాత బకెట్లో పడి ఉన్నాను. నోరున్నవాడిదే రాజ్యం. నాకే నోరుంటే ముందు చారుమతికి ఆ కన్ను ఎలా ఉందో చెప్పేదాన్ని. తర్వాత రాఘోత్తంగారి మొహాన ఉమ్మేదాన్ని.