కూటాలకు కత్తిరించిన చీరలు

ఆ ఏడు బారువలో జరిగే స్త్రీల కూటాల్లో బొంతలు కుట్టాలన్న ఆలోచన ప్రమోదిని టీచరుది. ఆమె కాశీబుగ్గ చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఏటా మూడు రోజులు సముద్రం ఒడ్డున చేరి పాడుకోవడం, వాక్యం వినడం, ప్రార్థన చేసుకోవడం మామూలే. ఈసారి చేతులతో కూడా ఏదైనా చేద్దాం అందామె. ఉద్దానంలో ఏ ఊరికి వెళ్లినా కిడ్నీలు పాడై మంచాన పడ్డవాళ్లే. డయాలసిస్ కోసం విశాఖపట్నం వెళ్లినవాళ్లు ఆ యంత్రం పక్కన పడుకుని చలికి వణికిపోతారని అందరూ విన్నదే. వాళ్లకోసం పన్నెండు మెత్తటి బొంతలు కుట్టాలని తీర్మానించారు. గుడ్డలు ఏరి, ముక్కలు కత్తిరించి, మూటలు కట్టి, వచ్చినవాళ్లు సూదిపట్టుకుని కూర్చోవడమే తరువాయిగా అంతా సిద్ధం చేసే పని మగ్దలీనకు అప్పగించారు.

మగ్దలీన వజ్రపుకొత్తూరు దగ్గర పల్లెలో బట్టలు కుడుతుంది. జాకెట్లు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు, మిషను మీద ఏదైనా కుట్టగలదు. బొంత మాత్రం ఆమెకు తెలియదు. అది చేత్తో, సన్నటి కుట్టుతో, వరస తప్పకుండా కుట్టుకుంటూ పోవాలి. తెలిసిన మనిషి పక్కింట్లోనే ఉంది. కాసులమ్మ భర్త కూర్మనాథం కిడ్నీ జబ్బుతోనే పోయి నాలుగేళ్లయింది. ఒక్కతే కూతురు స్వాతిని టెక్కలి ఇచ్చింది. కొబ్బరితోట చూసుకుంటూ ఒంటరిగా ఉంటుంది. ఒకరు గుడికి, ఒకరు చర్చికి వెళ్లినా ఇరవై ఏళ్లుగా ఇద్దరి ఇళ్ల మధ్య దడి మాత్రమే అడ్డం. దానిక్కూడా మనిషి దూరేంత సందు ఉంది.

“కుడతాను గాని, గుడ్డ నాను ఏరతాను,” అంది కాసులమ్మ, మగ్దలీన అడగ్గానే. “అందుకు ఒప్పుకుంటేనే.”

సమాజం వాళ్లు ఊరూరా పోగుచేసి పంపిన పాత బట్టలు మూడు గోనెసంచుల్లో వచ్చాయి. కాసులమ్మ వాటిని మగ్దలీన అరుగు మీద కుమ్మరించింది. ఒక్కో గుడ్డనూ రెండు చేతులతో లాగి చూసేది. వెలుతురుకు అడ్డం పెట్టి చూసేది. చివరికి చెంపకు ఆనించుకునేది.

“ఇది పాలిస్టరు, తీసీ. ఇది సూడు, మూల సిరిగినాది గాని నడుం గట్టిగున్నాది. ఉంచు. ఇదీ తీసీ.”

“అప్పా, ఇలాగైతే సంచిడు కూడా మిగలవు,” అంది మగ్దలీన.

“మిగలకపోతే పోనీ. నాలుగ్గంటలు కదలకుండా పడుండీ మనిసికి కప్పీ గుడ్డ ఇది. చెయ్యి మీద సూదులు, పైన ఫేను. ఒంటికి నూలే తగలాల. నీకు తెలీదు, నాను సూసినాను.”

సాయంత్రానికి తేలిందేమిటంటే, మూడు సంచుల్లో పనికొచ్చే గుడ్డ అయిదు బొంతలకు మించి రాదు. మగ్దలీనకు దిగులేసింది. మర్నాడు పొద్దున్నే కాసులమ్మ దడి సందులోంచి వచ్చింది. చేతుల్లో మడత పెట్టిన చీరలు. వెలిసిన నూలు చీరలు. ఆ మర్నాడు మరికొన్ని తెచ్చింది. వాటిలో ఆకుపచ్చది మొన్న దీపావళికి కట్టిందే. మూడో రోజు తెచ్చినవాటికి కొట్టు మడత కూడా విప్పలేదు.

“ఇయి కొత్తయి గదా అప్పా! ఈటికేటి వచ్చినాది?”

“కట్టుకోడానికి నాకెన్ని గావాల?” అంది కాసులమ్మ కత్తెర అందుకుంటూ.

మగ్దలీన కత్తెర లాక్కుంది. ఆ లాగడంలో కాసులమ్మ మణికట్టు చేతికి తగిలింది. ఎప్పుడూ జారుతుండే గాజులు ఉబ్బిన చర్మంలోకి నొక్కుకుని ఉన్నాయి. కిందికి చూసింది. పాదాలు కూడా అలాగే ఉన్నాయి. ఉద్దానంలో పుట్టినవాళ్లకు ఆ వాపు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు.

“ఎప్పటినుంచి?” అంది మగ్దలీన.

“దీపావళికి ముందే తెలిసినాది. రెండూ పోనాయంట. విశాఖపట్నం వచ్చి యంత్రమెక్కాలన్నాడు డాక్టరు. నాను ఎక్కను. ఆయన్ని రెండేళ్లు తిప్పినాను, సూసినాను. చాలు.” కాసులమ్మ మగ్దలీన చెయ్యి గట్టిగా పట్టుకుంది. “స్వాతికి సెప్పకు సెల్లీ. రెండు కడుపులు పోయిన తరవాత ఇది నిలిచినాది. ఏడో నెల. ఇది తెలిస్తే ఈ కడుపూ నిలబడదు. పురుడయ్యాక నానే సెప్పుకుంటాను. అందాకా ఉంటాను. నువ్వు మాటియ్యి.”

మగ్దలీన మాటిచ్చింది.

ఆమె భర్త బర్నబా కాశీబుగ్గలో జీడిపిక్కల బట్టీలో పనిచేస్తాడు. ఆదివారం చర్చి నుంచి వస్తూ అతనికి ఈ సంగతి చెప్పింది.

“మాటిచ్చినావు, సరే. గాని స్వాతికి తల్లి గదా అప్ప. రేపు ఏటైనా అయితే నిన్నేగా అడుగుతాది,” అన్నాడు.

“పురుడు దాకా ఉంటానంది.”

“ఆ సంగతి అప్ప సేతిలో ఉన్నాదేటి?”

అతను అన్నది నిజమని మగ్దలీనకు తెలుసు. కానీ లోపల ఇంకొకటి కూడా ఉంది, అది భర్తకు చెప్పలేకపోయింది. స్వాతికి తెలిస్తే రెక్కపట్టుకుని తల్లిని విశాఖపట్నం తీసుకుపోతుంది. అప్పుడు బొంతలు కుట్టడం ఎవరు నేర్పుతారు? ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడింది. సిగ్గుపడినా అది పోలేదు.

పని సాగింది. మగ్దలీన సుద్దతో గీతలు గీసి ముక్కలు కత్తిరించేది. కాసులమ్మ వాటిని చాప మీద పేర్చి, ఏ రంగు పక్కన ఏది ఉండాలో మార్చి మార్చి చూసేది. ఎరుపు ఎక్కువైతే తీసేయమనేది. రక్తం చూసి చూసి ఉన్నవాళ్లకు మళ్లీ ఎరుపెందుకు అనేది. కుట్టు ఎలా వేయాలో, మూల దగ్గర గుడ్డ ముడత పడకుండా ఎలా తిప్పాలో మగ్దలీన చేత చేయించింది. తప్పుపడితే మొత్తం విప్పించేది. ఒక్కోరోజు మధ్యలోనే సూది పక్కన పెట్టి గోడకు చేరగిలబడేది. అన్నం సయించడం లేదని గంజినీళ్లు తాగేది, అవీ కక్కేది.

జనవరి ఆఖర్లో కొట్టు దగ్గరి కాయిన్ బాక్సుకు టెక్కలి నుంచి ఫోను వచ్చింది. కాసులమ్మ పడుకుని ఉంది. మగ్దలీన వెళ్లి ఎత్తింది.

“పిన్నీ, అమ్మ గొంతు ఏటో నీరసంగా ఉంటంది. మొన్న రెండు మాటలు మాటాడి పెట్టీసింది. నన్ను రావద్దంటంది. బాగానే ఉందా? నువ్వు సెప్పు, నువ్వు సెప్తే నమ్ముతాను.”

మగ్దలీన రిసీవరును రెండు చేతులతో పట్టుకుంది. కొట్టు వెనక కొబ్బరి మట్టలు గాలికి రాసుకుంటున్నాయి. చెప్పడానికి అదే సమయం. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆమె మనసులో ఆ కాయిన్ బాక్సు ముందు తనను తాను నిలబెట్టుకుంది.

“బాగానే ఉన్నాది తల్లీ. కూటాలకి బొంతలు కుడతన్నాం గదా, అలిసిపోతన్నాది. అంతే. నువ్వు ఒళ్లు సూసుకో,” అంది.

“అమ్మయ్య,” అని నవ్వింది స్వాతి.

కూటాలు ఇంక పదిరోజులున్నాయనగా కాసులమ్మ తన పెళ్లిచీర తెచ్చింది. బరంపురం పట్టు. గుమ్మడిపువ్వు రంగుకు వంగపండు అంచు. స్వాతి చిన్నప్పుడు ఆ చీర చుట్టుకుని అరుగు మీద తిరగడం మగ్దలీనకు గుర్తుంది. అది తనదేనని ఊరంతా చెప్పుకునేది.

“అంచు చీల్చి బొంతలకి సుట్టూరా వెయ్యి. నూలు అంచులైతే తొందరగా పీకిపోతాయి,” అంది కాసులమ్మ.

“ఇది స్వాతిది అప్పా. నాను కత్తిరించను.”

“దానికి ఇది వద్దు.” కాసులమ్మ చీరను ఒళ్లో పెట్టుకుని నిమిరింది. “ఆఖరిసారి మీ బావ యంత్రం మీదున్నప్పుడు సలి ఆగనేదు. కప్పడానికి ఏటీ నేదు. ఆ రోజు పెళ్లి రోజని, ఆయన సరదా పడతాడని ఇది కట్టుకుని ఎల్లినాను. గదిలోకి ఎల్లి సీర విప్పి, పాతది కట్టుకుని, ఇది ఆయనకి కప్పినాను. నర్సులు నవ్వినారు. ఆయనా నవ్వినాడు. ఆ రాత్రే పోనాడు. ఇది కట్టుకుని నా కూతురు పేరంటాలకి తిరగడం నాను సూడలేను. కత్తిరించు.”

మగ్దలీన కత్తిరించింది. పాత పట్టు కత్తెర కింద గరగరలాడింది.

రెండు రోజులకు కాసులమ్మ పెరట్లో పడిపోయింది. ఆటోలో వేసుకుని బర్నబా, మగ్దలీన పలాస దాకా తెచ్చారు. అక్కడ చూసిన డాక్టరు వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. కారు మాట్లాడి బయలుదేరారు. టెక్కలి దాటుతుండగా మగ్దలీన ఒళ్లో ఆమె ఊపిరి ఆగిపోయింది. రోడ్డుకు కాస్త లోపలగా, ఆ ఊళ్లోనే, స్వాతి ఉంది.

కబురు ఆ మధ్యాహ్నం అందింది. కానీ నిండు చూలాలు శవాన్ని చూడకూడదని అత్తవారు స్వాతిని కదలనివ్వలేదు. ఆమె భర్త భానుప్రకాష్ ఒక్కడే వచ్చాడు. తల్లి ముఖం చూడకుండానే కూతురికి అంతా అయిపోయింది.

నాలుగో రోజు ఆమె వచ్చింది. అత్తగారు అడ్డుపడినా వినలేదట. తిన్నగా ఇంట్లోకి వెళ్లి పెట్టె తెరిచింది. అందులో రెండు జాకెట్లు, ఒక తువ్వాలు ఉన్నాయి. కడుపు మీద చెయ్యి వేసుకుని మగ్దలీన అరుగు దగ్గరికి నడిచి వచ్చింది.

“అమ్మ సీరలేవి పిన్నీ?”

మగ్దలీన పక్కకు తప్పుకుంది. అరుగు మీద గోడవారగా పన్నెండు మూటలు వరసగా ఉన్నాయి. స్వాతి ఒకటి విప్పింది. ఆకుపచ్చ ముక్కలు, నీలం ముక్కలు, అన్నీ అరచేయంత చదరాలు. ఇంకోటి విప్పింది. దాంట్లోంచి వంగపండు అంచు కిందికి జారింది.

“ఇదీనా?” అంది.

మగ్దలీన అంతా చెప్పింది. దీపావళి నుంచి చెప్పింది. ఇచ్చిన మాట గురించి చెప్పింది. తండ్రికి కప్పిన చీర గురించి చెప్పింది. స్వాతి ముక్కను ముఖానికి ఆనించుకుని విన్నది. సబ్బువాసన తప్ప దాంట్లో ఏముంటుంది? కత్తిరించే ముందు అన్నీ శుభ్రంగా ఉతికారు.

“నాన్నకి ఈ సీర కప్పిన సంగతి అమ్మ నాకు సెప్పనేదు. అమ్మ సంగతి నువ్వు సెప్పనేదు,” అంది చివరికి. “నాను ఫోను సేసినాను. నువ్వు సెప్తే నమ్ముతానన్నాను. అన్నానా లేదా?”

“అన్నావు తల్లీ.”

“నాకు బిడ్డ పోతే మరో బిడ్డ పుట్టునేమో. అమ్మ దగ్గర కూసోడానికి నాకు మూడు నెలలుండెను. అవి నువ్వు తీసీసుకున్నావు. అమ్మకాడ కూసుని బొంతలు కుట్టుకున్నావు.”

మగ్దలీన ఆమె కాళ్ల దగ్గర కూలబడింది. “తీసుకుపో అమ్మా. అన్నీ తీసుకుపో. కూటాలకి నాను మరేదో సెప్పుకుంటాను.”

“ముక్కలు నాకెందుకు?” అంది స్వాతి. అంచును మూట మీద పెట్టి, బయట కారులో కూర్చున్న భర్త దగ్గరికి వెళ్లిపోయింది.

బారువ వెళ్లకూడదనే అనుకుంది మగ్దలీన. బర్నబాయే మూటలు మోసుకొచ్చి బస్సెక్కించాడు. చలికి వణికేవాళ్లు ఎదురుచూస్తున్నారు, వాళ్లేం పాపం చేశారు అన్నాడు. సముద్రం కనబడే హాల్లో అరవైమంది ఆడవాళ్లు చాపల మీద గుంపులుగా కూర్చున్నారు. మగ్దలీన ఒక్కో గుంపు దగ్గరా వంగి, మూల దగ్గర గుడ్డ ఎలా తిప్పాలో చూపించింది. తప్పు పడితే విప్పించింది. రెండో రోజు ఎవరో పాట ఎత్తుకున్నారు. అందరూ కలిసి పాడుతుంటే ఆమె బయటికి వచ్చి, ఎండుచేపలు ఆరబెట్టిన ఇసకలో నిలబడి, పాట ముగిసేదాకా ఏడ్చింది. ప్రమోదిని టీచరు వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే, ఏమీ లేదమ్మా, కంట్లో ఇసక పడిందంది. మళ్లీ అబద్ధమే.

పన్నెండు బొంతలూ పూర్తయ్యాయి. విశాఖపట్నం వెళ్లే రోగుల ఇళ్లకు పంచిపెట్టారు. మెత్తగా ఉన్నాయని అందరూ అన్నారు.

స్వాతికి ఆడపిల్ల పుట్టింది. నిలిచింది. మగ్దలీన టెక్కలి వెళ్లి చూసి వచ్చింది. గుమ్మం దగ్గర ఆపలేదు, కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. స్వాతి బిడ్డను ఆమె ఒళ్లో పెట్టింది కూడా. బిడ్డకు కాసులమ్మ నుదురు వచ్చింది. ఆ మాట అనబోయి మగ్దలీన ఆగిపోయింది. అనే హక్కు తనకుందో లేదో తేలలేదు.

ఆ తర్వాత కొబ్బరితోట పని మీద స్వాతి ఊరికి వస్తూనే ఉంది. దడి సందులోంచి మాత్రం ఎప్పుడూ రాలేదు. వీధి వైపు నుంచే వచ్చి అరుగు కింద నిలబడి, “మగ్దలీన గారూ, ఇంటి తాళంచెవి ఉందాండీ?” అని అడిగేది. మగ్దలీన తాళంచెవి తెచ్చి ఇచ్చేది. వానలు పడ్డాయా, కాయ ఎలా ఉందని రెండు మాటలు మాట్లాడుకునేవారు. పిల్ల అప్పటికి నడుస్తోంది. తల్లి చెయ్యి పట్టుకుని వెళ్లిపోతుంటే, మగ్దలీన మిషను ముందు కూర్చుని, తొక్కడం మాత్రం మొదలుపెట్టకుండా చాలాసేపు అలాగే చూస్తుండేది.