పెత్రమాస నాడు ఇచ్చిన బియ్యం

మా ఆయన నగేశ్ అంగారకుడి మీదికి పోవడానికి పేరిచ్చిన సంగతి కొడకండ్లలో అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. కటింగ్ షాపులో తెలుసు, బస్టాండులో తెలుసు, మా శృతి చదివే బడిలోనూ తెలుసు. నాకు మాత్రం పేపర్లో ఫొటో పడ్డాక తెలిసింది. ఎవరిదో ప్రైవేటు కంపెనీ అట. మనుషుల్ని రాకెట్లో తీసుకుపోయి అక్కడ దించుతుందట, తిరిగి తీసుకురావడం మాత్రం ఉండదట. బతికినన్నాళ్ళు అక్కడే బతకాలి, చస్తే అక్కడే చావాలి. మొదటి వడపోతలో మిగిలినవాళ్ళలో సెల్‌ఫోన్ల దుకాణం నగేశ్ ఒకడు. పొద్దస్తమానం ఫోన్లకు గ్లాసులు అతికించే మనిషి. ఇంట్లో బల్బు పోతే నెల రోజులు మార్చని మనిషి.

మొదట నవ్వాను. ఈయన్ని తీసుకుపోతే అక్కడ కూడా చీకట్లోనే కూర్చోవాలి అన్నాను. కానీ, ఇంకొక ఇంటర్వ్యూ ఉందనీ, అది దాటితే పిలుస్తారనీ చెబుతున్నప్పుడు ఆయన మొహం చూశాను. మా పెళ్ళి రోజున కూడా ఆ మొహంలో అంత సంతోషం చూడలేదు. అప్పుడు భయం వేసింది. ఈ మనిషి నిజంగానే పోతాడు అనిపించింది.

ఊరు రెండు ముక్కలైంది. బట్టల దుకాణం నర్సింగరావు సేటు పోవాల్సిందే అన్నాడు. మన ఊరి పేరు భూమి దాటుతుందంటూ బస్టాండు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అందులో నగేశ్ తల వెనక ఎర్రటి గ్రహం ఉంది, కింద సేటుగారి ఫొటో అంతకంటే పెద్దగా ఉంది. పెద్దవంగరలో ఉండే మా అన్న హరీశ్ బండి వేసుకొచ్చి, చావబోయేవాడికి చప్పట్లు కొడుతున్నారేమయ్యా అని సేటుతో తగువు పడ్డాడు. హోటల్లో టీ తాగేవాళ్ళంతా తలా ఒక పక్షం పట్టారు. సైన్సు ముందుకు పోవాలంటే ఎవరో ఒకరు పోవాలి కదా అని కొందరు. అట్లాంటి కంపెనీని సర్కారు ఎట్లా ఊరుకుంటుంది అని కొందరు. పెళ్ళాం పిల్లలున్నవాడు పోవచ్చునా అన్నదాని మీద మాత్రం రోజూ మాట్లాడారు. ఆ పెళ్ళాం కూరగాయల సంచి పట్టుకుని వాళ్ళ ముందు నుంచే నడిచిపోతుంటే ఒక్కడైనా పిలిచి అడగలేదు.

ఇంతలో పెత్రమాస వచ్చింది. ఆ అమావాస్య పొద్దున మా దగ్గర ప్రతి ఇంటివాళ్ళూ స్నానాలు చేసి, పళ్ళెంలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టుకుని గుడికి పోతారు. చనిపోయిన పెద్దల పేర్లు చెబితే అయ్యగారు నువ్వులూ నీళ్ళూ వదిలించి ఆ బియ్యం తీసుకుంటారు. మా అత్తామామలు కట్టమ్మ, రాజమల్లు పోయినప్పటి నుంచీ ఏటా మేమూ ఇస్తున్నాం. ఆ రోజు గుడి ముందు వరసలో నిలబడి ఉండగా మహబూబాబాద్ నుంచి సంపత్ అనే యూట్యూబ్ చానల్ అబ్బాయి మైకు పట్టుకుని దిగాడు. మా అన్న కూడా వచ్చి ఉన్నాడు, సేటు ఎట్లాగూ ఉన్నాడు. ఇంకేం, పోవాలా వద్దా అని చర్చ అక్కడే మొదలైంది.

అందరూ అరిచాక, వరసలో మా వెనకున్న ఒక ముసలమ్మ మెల్లగా అడిగింది.

"గాడ సచ్చిపోతే నీకు బియ్యం ఎవరిస్తరు బిడ్డా?"

సంపత్ మైకు నగేశ్ మూతి దగ్గర పెట్టాడు. మా ఆయనకు ఏం చెప్పాలో తోచలేదని నాకు తెలుస్తూనే ఉంది. తోచనప్పుడు ఆయన గట్టిగా నవ్వుతాడు. అట్లాగే నవ్వాడు.

"ఎవరో ఇచ్చుడెందుకవ్వా? నాది నేనే ఇచ్చుకుంట."

నా చేతిలో పళ్ళెం లాక్కుని అయ్యగారి ముందు కూర్చున్నాడు. తండ్రి పేరు చెప్పాడు, తల్లి పేరు చెప్పాడు. ఆ వెంటనే కెమెరా వైపు చూస్తూ నగేశ్ అని తన పేరే చెప్పాడు. అయ్యగారి చెయ్యి ఆగిపోయింది. బతికున్నవాళ్ళ పేరు చెప్పకూడదు నాయనా, తప్పు అన్నారు. నగేశ్ వినలేదు. చెంబు తనే వంచుకుని, నువ్వులు కలిసిన నీళ్ళు తన వేళ్ళ మీదుగా వదిలి, పళ్ళెంలోని బియ్యం అయ్యగారి సంచిలో గుమ్మరించాడు. సేటు చప్పట్లు కొట్టబోయి, చుట్టూ చూసి ఆపేశాడు. ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అన్న చర్చా లేదు ఏమీ లేదు, మొహం తిప్పుకుని బండి దగ్గరికి పోయాడు. శృతి నా చీర పట్టుకుని, బాపు ఎందుకట్ల చేసిండని అడుగుతుంటే దాని చెయ్యి పట్టుకుని ఇంటి దారి పట్టాను.

మధ్యాహ్నానికి ఆ వీడియో అటు మొగుళ్లపల్లి దాకా పోయింది. అక్కడున్న మా చిన్నమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. నగేశ్ మాత్రం ఎంతమంది చూశారో చూసుకుంటూ అన్నం తిన్నాడు. ఉత్త నీళ్ళు, ఉత్త బియ్యం, దానికి గింత పరేషాన్ ఎందుకు అన్నాడు. తిట్టే ఓపిక కూడా లేదు నాకు, అది నా విషయంలో చిన్న మాట కాదు.

ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు. పోవద్దనుకున్నాను. పోకపోతే ఊరంతా ఇంకొకటి అనుకుంటుందని తంగేడు పూలు పేర్చుకుని శృతితో పోయాను. ఆడాను, చప్పట్లు తప్పకుండా కొట్టాను. చెరువులో బతుకమ్మల్ని వదిలాక, గౌరమ్మ పసుపు తీసి ముత్తైదువలు ఒకరి పుస్తెలకు ఒకరు పెట్టుకుంటారు. మొగుడు చల్లగా ఉండాలని. ఎవరైనా నన్ను చూసి చెయ్యి వెనక్కి తీసుకుంటారేమోనని అందరి చేతులూ చూస్తూ నిలబడ్డాను. తీసుకుంటే ఆమె జుట్టు పట్టుకుందామని కూడా అనుకున్నాను.

నర్సింగరావు సేటు భార్య రమాదేవి నా ముందుకొచ్చింది. ఆమె చెయ్యి ఆగలేదు. వేలికి పసుపు తీసుకుని నవ్వింది.

"పుస్తెలు బయటికి తియ్యి పద్మా."

నా చెయ్యి మెడ దగ్గరికి పోయింది. అక్కడే ఉండిపోయింది. తీద్దామనే అనుకుంటున్నాను, వేళ్ళు మాత్రం కొంగును ఇంకా గట్టిగా పట్టుకుంటున్నాయి. ఒక అడుగు వెనక్కి వేశాను. ఎవరూ నన్ను వేరు చెయ్యలేదు, నేనే తప్పుకున్నాను. నా లోపల ఈయన అప్పుడే పోయాడా అని ప్రాణం జల్లుమంది. రమాదేవి చేతిలో పసుపు అట్లాగే ఉంది. ఆమె వెనక, కట్ట మీద ఫోను పట్టుకుని వీడియో తీస్తున్న నగేశ్ ఫోను దించి నన్నే చూస్తున్నాడు. ఆయన మొహంలో సంతోషం లేదు, గొప్ప లేదు. నాకున్న భయమే ఆయనకూ ఉంది.

మరునాడు పొద్దున పళ్ళు తోముకుని వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"మెయిల్ పెట్టిన. నా పేరు తీసెయ్యిండ్రని."

"తీసిండ్రా?"

"తీసేసినమని జవాబు గూడ వచ్చింది."

"మరి అయ్యగారి దగ్గర?"

ఆయన లేచి చొక్కా వేసుకుని గుడికి పోయాడు. వచ్చేసరికి మొహం పాలిపోయి ఉంది. అందరి బియ్యం ఒక్క సంచిలోనే కలిసిపోయాయట, అందులో నీవి ఏవని తియ్యను అన్నారట అయ్యగారు. పేరు వెనక్కి తీసుకోవడానికి మంత్రం ఏదైనా ఉందా అని అడిగాడట. ఇచ్చేదానికే ఉంది నాయనా అన్నారట. నీళ్ళు వదిలాక తనకు తెలిసి ఎవరూ వచ్చి అడగలేదట.

ఇప్పుడు ఫ్లెక్సీ లేదు, చర్చ లేదు. హోటల్లో వేరే మాటలు నడుస్తున్నాయి. ఇంకేం భయమే, మనిషి ఇంట్లనే ఉన్నడు గదా అంటాడు మా అన్న. ఉన్నాడు. బండి మీద దుకాణానికి పోతే చేరానని ఫోన్ వచ్చేదాకా నేను పొయ్యి ముట్టించను. జలుబు చేసినా జనగామ దవాఖానకు తీసుకుపోతున్నాను. మొన్న బల్బు పోతే, ఎన్నడూ లేనిది తనే స్టూలు తెచ్చుకున్నాడు. ఎక్కనివ్వలేదు నేను. ఆయనా స్టూలు గోడకు జరిపి, చీకట్లోనే అన్నం పెట్టమన్నాడు.

మళ్ళీ పెత్రమాస వస్తుంది. అయ్యగారికి ఏ ఇంటివాళ్ళ పేర్లయినా ఒక్కసారి వింటే చాలు, నోటికి వచ్చేస్తాయి. రాజమల్లు, కట్టమ్మ అని చెప్పి నేను ఆపుతాను. అయ్యగారు చెంబు పట్టుకుని అలవాటుగా మూడో పేరు కోసం నా వైపు చూస్తారేమో.