వందకి మడిచిన మోకాలు

మోకాలి ఆపరేషన్ అయిన మరునాడు ఆయన కళ్లు తెరిచి, నన్ను ఎగాదిగా చూసి, "మీరెవరండీ?" అన్నారు.

నలభై ఏళ్లు కాపురం చేసినదాన్ని! మత్తు ఇంకా దిగలేదు, కంగారు పడకండి అని నర్సులు చెప్పారు. వాళ్లకేం, చెబుతారు. రెండు రోజులపాటు ఆయన నాతో రైల్లో ఎదురు సీట్లో కూర్చున్న ఆవిడతో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడారు. మంచినీళ్లిస్తే "మీకెందుకండీ శ్రమ" అన్నారు. మూడో రోజు పొద్దున్నే "ఏమే, నా కళ్లజోడు ఎక్కడ తగలేశావ్?" అని కసిరారు. ఆ కసురు విన్నాక నాకు ప్రాణం లేచొచ్చింది. వరండాలోకి పోయి తనివితీరా ఏడ్చాను.

ఇంటికి పంపేటప్పుడు ఫిజియో అమ్మాయి నన్ను పక్కకు పిలిచింది. "ఆరు వారాల్లో మోకాలు తొంభై డిగ్రీలు మడవాలి పిన్నిగారూ. కుర్చీలో కూర్చోబెట్టి పాదం వెనక్కి జరిపించండి. తొంభై రాకపోతే మళ్లీ మత్తిచ్చి డాక్టరుగారే వంచుతారు" అంది.

మళ్లీ మత్తు అన్నాక ఆ అమ్మాయి ఇంకేం చెప్పిందో నాకు వినబడలేదు. ఈసారి ఆ మత్తులోంచి నన్ను ఎరిగిన మనిషే బయటికొస్తాడని ఎవరు హామీ ఇస్తారు?

కొలవడానికి ఆ అమ్మాయి ఒక ప్లాస్టిక్ బద్ద ఇచ్చింది. ఇంటికొచ్చిన రోజే దాన్ని తొక్కి విరగ్గొట్టాను. నా కంగారు అలాంటిది. "పోనివ్వండి, మీ పెట్టెలో చక్రం ఉందిగా" అన్నాను. ఆయన ముప్పై ఏళ్లు సర్వే ఆఫీసులో పనిచేశారు. ఎప్పుడూ ఒక కన్ను మూసి చూస్తారని వీధిలో అందరూ ఆయన్ని దుర్భిణీగారు అంటారు. పటాలు గీసేటప్పుడు కోణాలు కొలిచే ఇత్తడి చక్రం ఒకటి ఆయన పెట్టెలో ఉంది. పళ్లెమంత ఉంటుంది. అంచు చుట్టూ చీమకాళ్లంత సన్నటి గీతలు.

చక్రం నడిమి రంధ్రాన్ని మోకాలి పక్కన ఆనించి, నా కుట్టుపని టేపును పిక్క వెంట లాగి పట్టుకుని, అది తాకిన అంకె చదివాను. నలభై! క్యాలెండర్లో ఆ రోజు గడిలో నలభై అని వేసి, "చూశారా, సగం దాకా వచ్చేసినట్టే" అని నవ్వాను. ఆయన ఏదో అనబోయి, నా మొహం చూసి, నోరు మూసుకున్నారు.

ఇక రోజులన్నీ నిద్రకూ మెలకువకూ మధ్యన తేలుతూ గడిచాయి. నేను ముందు గదిలో కుట్టుమిషను దగ్గర, ఆయన కిటికీ పక్క మంచం మీద. గోడ మీద ఎండ జరుగుతుంటే ఆయన ఒక కన్ను మూసి చూసేవారు. "సూర్యుడు గంటకి పదహారు చిల్లర తిరుగుతాడే" అన్నారొకసారి. గంటకి పదిహేను డిగ్రీలని బళ్లో చదివిన గుర్తు. అయినా దుర్భిణీగారితో వాదన ఎవరు పెట్టుకుంటారు?

మధ్యాహ్నం అన్నం తిన్నాక నాకు కాసేపు కునుకు పట్టే అలవాటు. ఆ రోజుల్లో ఏ కల వచ్చినా అందులో ఒకటే చప్పుడు. సర్... సర్... ఇసుక మీద ఎవరో పడవను లాగుతున్నారు. ఇంకోరోజు ఆకాశమంత నీలంగుడ్డ పరిచి ఉంది, దాన్ని కత్తెర నెమ్మదిగా కోసుకుంటూ పోతోంది. నేను గుడ్డ అంచు పట్టుకుని, ఎక్కడ ఆపాలో తెలియక వెంట నడుస్తున్నాను. మెలకువ వచ్చేసరికి ఆయన మంచం మీద బుద్ధిగా పడుకుని ఉండేవారు. నేల మీద మాత్రం గుడ్డ మీద గీసుకునే నా నీలం సుద్ద గీతలు కనిపించేవి. నా చేతిలోంచే జారిపడిందనుకుని, నన్ను నేనే తిట్టుకుంటూ తుడిచేదాన్ని.

క్యాలెండర్లో అంకెలు పెరిగాయి. యాభై నాలుగు, అరవై ఏడు, డెబ్బై తొమ్మిది. ఆరో వారం సోమవారం పొద్దున తొంభై వచ్చింది. శనివారం ఆసుపత్రికి వెళ్లాలి. ఇంకా అయిదు రోజులుండగానే! మిఠాయి తెప్పించి ఆయన నోట్లో కుక్కాను. ఎదురింటావిడ వస్తే ఆవిడకీ పెట్టాను. "తొంభై అంటే ఎంతమ్మా?" అని అడిగిందావిడ. చూపిద్దామని, మూల సరిగ్గా తొంభై ఉండే నా ఎల్ స్కేలు తెచ్చి చక్రం మీద పెట్టాను. పాతికేళ్లుగా దానితోనే గుడ్డ కత్తిరిస్తున్నాను. దాని మూల చెప్పిందంటే చెప్పిందే.

స్కేలు మూల వంద చూపించింది.

తిప్పి పెట్టాను. మళ్లీ వందే. అప్పుడు మొదటిసారి చక్రం అంచు చుట్టూ వేలు పెట్టి చదువుకుంటూ వెళ్లాను. మూడువందల అరవై దగ్గర ఆగుతుందనుకున్నది ఆగలేదు. నాలుగువందల దాకా పోయింది. ఆ చక్రంలో లంబకోణం వంద. వందకు తొంభై అయితే తొంభైకి ఎంత? ఎనభై ఒకటి. ఎదురింటావిడకు ఏదో సర్దిచెప్పి పంపించేశాను.

ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు. ఇంత సంబరం చేసి, ఇప్పుడు ఇంకా తొమ్మిది డిగ్రీలు తక్కువని ఏ మొహంతో చెప్పను? తెలిస్తే మనిషి నీరుగారిపోతారు. నా కళ్లు పాడుగాను, ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ అంకెలన్నీ చూసుకుని ఉంటే!

ఆ మధ్యాహ్నం కునుకు పట్టలేదు. గోడవైపు తిరిగి ఊరికే కళ్లు మూసుకున్నాను. కాసేపటికి వచ్చింది చప్పుడు. సర్... సర్... ఈసారి పడవ లేదు, కత్తెర లేదు. మెల్లగా ఇటు తిరిగాను.

ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. నోట్లో తువ్వాలు కుక్కుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, పాదాన్ని నేల మీద వెనక్కి లాగుతున్నారు. నుదుటి మీద చెమట ధారలు కడుతోంది. పాదం కింద నీలం సుద్దతో గీతలు. ఒకదాని పక్కన తొంభై రెండు అని ఉంది. ఇంకాస్త వెనక, కుర్చీ కాళ్ల దగ్గర, వంద.

"మీకు తెలుసా?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి నోట్లోంచి తువ్వాలు తీశారు. "ముప్పై ఏళ్లు దాంతోనే బతికాను కదే. తెలియకపోవడమేమిటి? మా ఆఫీసులో లెక్క సులువని చక్రాన్ని నాలుగువందల భాగాలు చేసుకున్నాం."

"మరి చెప్పి ఏడవరేం! మొదటి రోజే చెప్పొచ్చుగా?"

"చెబుదామనే అనుకున్నాను. నువ్వు నలభై అని నవ్వావు. ఆసుపత్రి నుంచి వచ్చాక నువ్వు నవ్వడం అదే మొదలు. అది ముప్పై ఆరేనని ఎలా చెప్పను? ఎలాగూ వంద దాకా పోవాల్సిందే కదా, మిగతాది నువ్వు పడుకున్నప్పుడు చేసుకుందామనుకున్నాను."

"నన్ను లేపితే మీ సొమ్మేం పోయింది? ఆ నొప్పంతా ఒక్కరే..." మాట పూర్తికాలేదు. ఏడుపొచ్చేసింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున్న."

"మరి నువ్వెందుకు చెప్పలేదే?"

తువ్వాలు లాగేసి, నా చెయ్యి ఆయన చేతిలో పెట్టాను. "అరవండి. వీధంతా వింటే విననీ. కొరకాలనిపిస్తే నా చెయ్యి కొరకండి."

"నీ చెయ్యా? సూదులు గుచ్చుకుని గుచ్చుకుని గరుకెక్కిపోయింది, నా పళ్లూడతాయి."

"చాల్లెండి సంబడం. లాగండి."

అయిదు రోజులు కునుకు మాట తలపెట్టలేదు. నేల మీద కూర్చుని ఆయన పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఆయన అరుస్తుంటే నేనూ అరుస్తూ, వేలెడు వేలెడు చొప్పున వెనక్కి జరిపాను. శుక్రవారం సాయంత్రం కిటికీ ఎండ సరిగ్గా కుర్చీ కాళ్ల మీదికి వచ్చినప్పుడు ఆయన మడమ చివరి నీలం గీతను తాకింది.

శనివారం పెద్ద డాక్టరు తన బద్ద పెట్టి చూశాడు. ఆ డాక్టరు నన్ను అంతకు ముందెప్పుడూ చూడలేదు. "తొంభై" అన్నాడు.

"తొంభై ఏమిటండీ? సరిగ్గా చూడండి, వంద!" అన్నాను.

"వంద కాదమ్మా, తొంభై. చాలు, ఇక మత్తు అవసరం లేదు."

మత్తు అవసరం లేదన్న మాట నాకు ఎక్కేలోపే నోరు జారిపోయింది. "చాలు గీలు కాదు. ఆయన వంద మడిచారు. నా కళ్లతో చూశాను. వందే రాయండి."

డాక్టరు బద్ద పక్కన పెట్టి ఆయనవైపు తిరిగాడు. "ఎవరండీ ఈవిడ?"

ఆయన కళ్లజోడు సవరించుకుని, ఆ రోజు చూసినట్టే నన్ను ఎగాదిగా చూశారు.

"మా ఆవిడండీ" అన్నారు. "ఆవిడ వంద అంటే వందే."