ఊరంతా ఒప్పుకున్న గుట్ట

ఊరి వెనక గుట్ట మీద గాలిమరలు పెడతామని అధికారులు వచ్చినప్పుడు జనం ససేమిరా అన్నారు. వాళ్లను ఒప్పించింది టైలరమ్మ. కొలతలు తీసుకుంటూ, మెడలో టేపుతోనే ఒక్కొక్కరికీ నచ్చజెప్పింది. మరల చప్పుడుకు భయపడుతున్నారని పదిమందిని బస్సెక్కించి, అవి తిరుగుతున్న ఊరికి తీసుకెళ్లింది. మర కింద నిలబడి మాట్లాడుకుంటే మాట వినపడుతోందని వాళ్లే తేల్చుకున్నారు. రెండేళ్లకు ఊరంతా సంతకాలు పెట్టింది, సంతకం రానివాళ్లు వేలిముద్రలు వేశారు.

అందరికంటే మొండికేసినవాడు ఆమె మరిది. అతని గొర్రెలకు మేత ఆ గుట్ట మీదే. మరమ్మతు పని నేర్పిస్తారనీ, ఉద్యోగాలు ఊరివాళ్లకేననీ అధికారులు చెప్పిన మాటే చెబుతూ ఆమె అతని చెవిలో జోరీగలా పోరింది. చివరికి అతను మంద అమ్మేశాడు. నలభై ఏళ్ల వయసులో శిక్షణకు వెళ్లి, నడుముకు తాళ్లు బిగించుకుని మర టవరెక్కడం నేర్చుకున్నాడు.

తర్వాత ఏడాదిపాటు ఏ కబురూ లేదు. వదినా మరిదీ కలిసి గాలిమరల ఆఫీసుకు వెళ్లారు. అక్కడి ఇంజనీరమ్మ వాళ్లను కూర్చోబెట్టి గోడ మీద దేశపటం చూపించింది. రాజధానిలో కొత్త ప్రణాళిక తయారైందట. పెద్ద కరెంటు లైను సముద్రం వెంబడి పోతుందట. దానికి దూరమైన చోట్లన్నీ తీసేశారట. మళ్లీ చూసేది పదిహేనేళ్ల తర్వాతే.

"మా గుట్టకు గాలి చాలలేదా?" అంది టైలరమ్మ.

"గాలి మీ దగ్గరే ఎక్కువ."

"ఊళ్లో ఎవరైనా కాదన్నారా?"

"లేదమ్మా. ఇలా ఊరంతా ఒప్పుకున్నది ఇంకెక్కడా లేదు. అదే రాసి పంపాను, రెండుసార్లు." ఇంజనీరమ్మ గొంతు తగ్గించింది. "సముద్రం ఒడ్డున జనం మరలు వద్దని రోడ్డెక్కుతున్నారు."

టైలరమ్మకు గట్టిగా అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలి? ఎదురుగా ఉన్నామె కళ్లల్లోనూ నీళ్లే. పైవాళ్ల అడ్రసు రాసిచ్చింది గానీ, జవాబు వస్తుందని మాత్రం అనలేదు.

తిరుగు బస్సులో మరిది కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. సగం దారికి ఆమె ఉండబట్టలేకపోయింది.

"నన్ను రెండు తిట్లైనా తిట్టు."

"నిన్ను తిడితే గుట్ట పటంలోకి వస్తుందా వదినా?" అన్నాడు. "ఒడ్డున టవరెక్కేవాళ్లు కావాలంటగా. అక్కడికే పోతాను," అన్నాడు.

అక్కడ పనివాళ్ల మీద రాళ్లు పడుతున్నాయని ఆమెకు తెలుసు. ఆ నెలాఖరుకే అతను సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

సంతకం పెట్టించుకున్న ప్రతి ఇంటికీ టైలరమ్మ మళ్లీ వెళ్లి విషయం చెప్పింది. మేం అప్పుడే అనలేదా అన్నవాళ్లు కొందరు. చివరింటి ముసలామె అంతా విని, తన బొటనవేలు చీరకు తుడుచుకుని ముందుకు చాపింది.

"ఇంకెక్కడైనా వెయ్యాలా అమ్మా?"

అక్కర్లేదని చెప్పి, టైలరమ్మ ఆ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.